ఒక పాత దరఖాస్తు, ఐదేళ్ల లెక్క

ఇక్కడ పెద్ద పోస్టు రాసి చాలా రోజులైంది. నైట్ డ్యూటీలు, నిద్ర, మళ్లీ నైట్ డ్యూటీలు. మీ అందరి బతుకూ అదే కాబట్టి వేరే చెప్పక్కర్లేదు. ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా. బస్సులోనో బ్రేకులోనో తీరిగ్గా చదవండి. చివర్లో మన పని కూడా ఒకటి ఉంది.

నేను చేసే కేర్‌హోమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. ఎనభై తొమ్మిదేళ్లు. గ్లాస్గోలో గోవన్ వైపు పుట్టి, అక్కడే ఓడల యార్డులో వెల్డింగ్ చేసి రిటైరయ్యాడు. నన్ను 'హెన్' అంటాడు. కోడిపెట్ట అంటున్నాడేంటని మొదట్లో మనసు చివుక్కుమంది. ఇక్కడ ఆడపిల్లని ముద్దుగా అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది. ఆయన పేరు రాయను. 'కథ రాసుకో, పేర్లు మాత్రం వద్దు' అని ఆయనా, ఆయన కూతురూ అన్నారు. ఆ మాట మీదే రాస్తున్నా.

ఆయనకి ఒకటే కోరిక. "మా తాత స్కై దీవి నుంచి వచ్చాడు. పడుచు వయసులో పని వెతుక్కుంటూ ఒక్కడే వచ్చాడని మా నాన్న చెప్పేవాడు. అది నిజమో కాదో తెలుసుకోవాలనుంది." కూతురు ఆదివారాలు లాప్‌టాప్ పట్టుకొచ్చేది. నాకు సెలవున్న ఆదివారం నేనూ పక్కన కూర్చునేదాన్ని. సాయం చేద్దామని కాదు, కుతూహలం అంతే.

ముందు ఈ దేశంలో పాత కాగితాల ఏర్పాటు ఏంటో చెప్తా.

స్కాట్లండ్‌లో పుట్టుక, పెళ్లి, చావు మూడూ ప్రభుత్వం దగ్గర తప్పనిసరిగా రాయించాలన్న చట్టం 1855 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఆ పని చర్చిది. ఒక్కో పారిష్‌లో పాదిరి దగ్గరో గుమాస్తా దగ్గరో ఒక పుస్తకం ఉండేది. అలాంటి వాటిల్లో మిగిలిన పాతది ఎరోల్ అనే ఊరిది, 1553 నాటిది. ఇవి కాక 1841 నుంచి పదేళ్లకోసారి ఇంటింటి పేర్లతో జనాభా లెక్కలు ఉన్నాయి. నూరేళ్లు దాటితే గానీ వాటిని జనానికి చూపించరు. 1921 నాటివి 2022లో బయటపెట్టారు. ఇవన్నీ 'స్కాట్లండ్స్ పీపుల్' అనే సర్కారు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. పేరు వెతకడం ఉచితం. కాగితం బొమ్మ చూడాలంటే ఒక్కోదానికి పౌనున్నర దాకా అవుతుంది.

వెతికే పద్ధతి ఒకటే. తెలిసిన దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టు వెనక్కి దిగాలి. 'మా పూర్వీకుడు ఫలానా గొప్పోడు' అని పైనుంచి కిందికి వస్తే దారి తప్పుతాం. నూరేళ్ల లోపు పుట్టుకలు, 75 ఏళ్ల లోపు పెళ్లిళ్లు, 50 ఏళ్ల లోపు చావుల కాగితాలు ఇంటి నుంచి చూడ్డానికి కుదరదు, ఎడిన్‌బరో ఆఫీసు లాంటి చోటికి వెళ్లాలి. పెద్దాయన దగ్గర తన జనన పత్రం మడతలు పడి ఉంది కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ పత్రంలో ఉన్న సమాచారం. ఇక్కడి జనన పత్రంలో తల్లిదండ్రుల పెళ్లి ఏ తేదీన, ఎక్కడ జరిగిందో కూడా ఉంటుంది. ఆ తేదీ పట్టుకుని పెళ్లి కాగితానికి వెళ్తే పెళ్లికొడుకు తల్లిదండ్రులు, పెళ్లికూతురు తల్లిదండ్రులు నలుగురి పేర్లూ ఉంటాయి. ఇద్దరు తల్లుల పుట్టింటి ఇంటిపేర్లతో సహా. చావు కాగితంలో కూడా అంతే. డెబ్భై ఏళ్ల ముసలమ్మ చనిపోతే ఆమె తండ్రెవరు, తల్లెవరు, ఆ తల్లి పుట్టింటి ఇంటిపేరేంటి అన్నీ రాస్తారు. చెప్పడానికి వచ్చినవాళ్లకి తెలిసుండాలి, అంతే.

మన దగ్గర ఆడదాని ఇంటిపేరు పెళ్లి పీటల మీదే పోతుంది. మీ నాయనమ్మ వాళ్లమ్మ ఇంటిపేరేంటో ఇప్పుడు చెప్పగలరా? నేను చెప్పలేకపోయా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఇంకో తమాషా. 1855లో, ఆ మొదటి ఏడాది, అడగని ప్రశ్న లేదు. తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, ముందు పుట్టిన పిల్లలు ఎంతమంది, అందులో బతికున్నది ఎంతమంది, అన్నీ రాయమన్నారు. రాసే గుమాస్తాలకి చేతులు పడిపోయాయి. మరుసటి ఏడాదే ప్రశ్నలు తగ్గించేశారు. అందుకే తమ వంశంలో ఎవరైనా 1855లో పుట్టారనో పోయారనో తెలిస్తే ఇక్కడివాళ్లు లాటరీ తగిలినట్టు సంబరపడతారు.

సరే, మా పెద్దాయన కథ. ఆయన పత్రం నుంచి తల్లిదండ్రుల 1931 పెళ్లికి, అక్కణ్నుంచి తండ్రి పుట్టిన 1904కి, ఆ కాగితంలోని తేదీతో తాత పెళ్లి 1899కి, రెండు గంటల్లో చేరిపోయాం. తాత షిప్‌యార్డులో రివెట్లు కొట్టే పని, వయసు 25. ఆయన తండ్రి చేపలు పట్టేవాడు, చనిపోయాడని ఉంది. తల్లి పేరు, పుట్టింటి ఇంటిపేరు ఉన్నాయి. 1874లో స్కైలో తాత పుట్టిన కాగితమూ దొరికింది. అంటే దీవి మాట నిజమే.

చిక్కు 1881 జనాభా లెక్కల్లో వచ్చింది. ఏడేళ్ల పిల్లాడు స్కైలో ఉండాలి కదా, లేడు. వెతగ్గా వెతగ్గా గ్లాస్గోలో దొరికాడు. ఒక టెనిమెంట్‌లో తల్లీ ముగ్గురు పిల్లలూ. తల్లి విధవ, బట్టలు ఉతికే పని. ఇక్కడి లెక్కల్లో 1861 నుంచి ఇంట్లో కిటికీ ఉన్న గదులెన్నో రాసేవాళ్లు. ఆ గడిలో '1' అని ఉంది. గేలిక్ భాష మాట్లాడతారా అనే ప్రశ్న కూడా ఆ ఏడాదే మొదలైంది. నలుగురూ మాట్లాడతారని గుర్తు పెట్టి ఉంది. తండ్రి ఏడాది ముందే, 1880లో గ్లాస్గోలోనే టైఫాయిడ్‌తో పోయాడు.

పడుచువాడు ఒక్కడే ధైర్యంగా వచ్చాడన్న ఇంటి కథ అక్కడే కూలిపోయింది. పెద్దాయన ఏమీ అనలేదు. "ఒక్క గదా?" అని మాత్రం అడిగాడు.

ఈ వెతుకులాటలో ఎక్కడ కాలు జారుతుందో కూడా చెప్పాలి. స్కైలో ప్రతి రెండో ఇంటికీ మాక్‌తో మొదలయ్యే అదే ఇంటిపేరు, అవే నాలుగు పేర్లు. పాత స్కాట్లండ్‌లో పెద్ద కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మ తల్లి పేరు, రెండో దానికి నాన్న తల్లి పేరు పెట్టే ఆనవాయితీ ఎక్కువ. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకి అది కొత్తేం కాదు. పిల్లల పేర్ల వరస చూసి ఇది మన కుటుంబమా, పక్కింటిదా అని పోల్చుకోవచ్చు. కానీ అది ఆనవాయితీయే, చట్టం కాదు, దాన్నే నమ్ముకుంటే మోసపోతాం. పైగా జనం చెప్పే పేరు గేలిక్‌లో, గుమాస్తా రాసేది ఇంగ్లీషులో. ఇంట్లో మోరాగ్ అయిన ఆడమనిషి ఒక కాగితంలో సారా, ఇంకో కాగితంలో మారియన్. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏం రాయాలో తెలియక తండ్రి పేరు రాయించుకుని ఇప్పటికీ అవస్థ పడుతున్న మనవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

1855కి ముందు ఇంకా కష్టం. చర్చి పుస్తకాల్లో అందరూ ఉండరు. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకి మూడు పెన్నీల పన్ను వేశారు. కూలివాడికి అది తక్కువేం కాదు. చాలామంది రాయించడమే మానేశారు. మరి బీదవాళ్లు ఎక్కడ దొరుకుతారంటే, ఇరుక్కున్నప్పుడు దొరుకుతారు. పెళ్లికాని పిల్ల కడుపుతో ఉంటే చర్చి పెద్దలు పిలిపించి, తండ్రెవరని నిలదీసి, ఆ సమాధానం రాసుకునేవాళ్లు. తర్వాత అందరి ముందూ ప్రాయశ్చిత్తం. వాళ్ల మహాకవి రాబర్ట్ బర్న్స్ కూడా 1786లో మాక్‌లిన్ చర్చిలో అలా నిలబడ్డవాడే. ఆనాడు ఆ పిల్లకి అవమానం. ఈనాడు ఆమె మునిమనవడికి తన తాత ఎవరో తెలిసే ఒకే ఒక్క ఆధారం అదే.

ఇక అసలు సంగతికి వస్తున్నా.

గ్లాస్గోలో మిచెల్ లైబ్రరీ ఉంది కదా, అందులోనే నగర పాత రికార్డులు ఉంటాయి. 1851 నుంచి పేదల సాయం కోసం పెట్టుకున్న దరఖాస్తులు అక్కడ గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. కూతురు వెళ్తుంటే నేనూ వెళ్లా. ఆ తల్లి పేరు మీద 1882 నాటి దరఖాస్తు ఒకటి దొరికింది.

అందులో లేనిది లేదు. స్కైలో ఏ పారిష్‌లో పుట్టింది, తల్లిదండ్రులెవరు, పెళ్లెప్పుడు, భర్త ఎప్పుడు పోయాడు, పిల్లల పేర్లు, వయసులు, చిన్నదానికి జబ్బు, గ్లాస్గో వచ్చాక ఏ వీధిలో ఎన్నాళ్లు, ఏ మెట్లకి ఎడమా కుడా. ఇన్‌స్పెక్టర్ ఇంటికి వచ్చి చూసి మరీ రాశాడు. ఇన్ని వివరాలు ఎందుకు రాశాడబ్బా అనుకున్నా. అక్కడున్నాయన చెప్పింది విని నా గుండె ఒక్కసారి ఆగింది.

1845 నాటి పేదల చట్టం ప్రకారం ఒక పారిష్‌లో సాయం అందాలంటే అక్కడ నీకు 'సెటిల్‌మెంట్' ఉండాలి. పుట్టుకతో ఉండాలి, లేదా వరసగా ఐదేళ్లు అక్కడ బతికి ఉండాలి. ఆ ఐదేళ్లలో అడుక్కోకూడదు, పేదల సాయం తీసుకోకూడదు, దానికి దరఖాస్తు కూడా పెట్టకూడదు. సెటిల్‌మెంట్ లేకపోతే అప్పటికి ఏదో ఇస్తారు గానీ ఆ ఖర్చు సొంత పారిష్ నుంచి వసూలు చేస్తారు, లేదా మనిషినే అక్కడికి పంపించేస్తారు. ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లని అలా ఎంతోమందిని ఓడెక్కించి వెనక్కి పంపారు. ఆ ఐదేళ్లని మూడేళ్లకి తగ్గించింది 1898లో.

సెటిల్‌మెంట్. ఐదేళ్లు. సర్కారు సాయం ముట్టుకోకూడదు. మన వీసా షరతుల్లో 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' అని రాసుంటుంది చూడండి, ఆ పాత చట్టంలో అడుక్కోవడం గురించి రాసినచోట కూడా అదే రికోర్స్ అనే మాట. ఐఎల్‌ఆర్ ఐదేళ్ల లెక్క పెంచుతారని మాటలు వింటూ నిద్రలు పోగొట్టుకుంటున్నాం కదా మనం. మన రోజుల లెక్క లాంటిదే ఆమె కాగితంలోనూ ఉంది. గ్లాస్గోలో నాలుగేళ్ల నాలుగు నెలలు. ఇంకో ఎనిమిది నెలలు ఉంటే సరిపోయేది.

అంటే ఆ వివరాలు ఆమె మీద ప్రేమతో రాసినవి కావు. 'ఈమె మా మనిషి కాదు' అని రుజువు చెయ్యడానికి రాసినవి. 

కింద తీర్పు. సాయం డబ్బులివ్వలేదు. పూర్‌హౌస్‌కి వచ్చి ఉంటే తిండి పెడతామన్నారు. అక్కడికెళ్తే తల్లీ పిల్లలూ వేరు వేరు వార్డుల్లో ఉండాలి. దాని పక్కన ఇంకో చేత్తో రాసి ఉంది: వెళ్లలేదు.

1891 లెక్కల్లో ఆమె అదే వీధిలో ఉంది, బట్టలు ఉతుకుతూనే. పెద్ద కొడుకు రివెట్లు కాల్చే కుర్రాడు. చిన్నది మాత్రం లేదు.

ఆ దరఖాస్తు పెట్టిన 1882లోనే స్కైలో బ్రేస్ అనేచోట ఇంకో గొడవ జరిగింది. అక్కడి క్రాఫ్టర్లు, అంటే దొర భూమిలో చిన్న చెక్క కౌలుకి చేసుకునే రైతులు, మేత భూమి కోసం ఎదురు తిరిగారు. వాళ్లని అణచడానికి గ్లాస్గో నుంచే యాభై మంది దాకా పోలీసుల్ని పంపారు. ఆడవాళ్లు రాళ్లు రువ్వారు. ఆ అలజడి మీద 1883లో విచారణ కమిషన్ వేశారు. దాని అధ్యక్షుడు లార్డ్ నేపియర్. ఈయనెవరో తెలుసా? 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరు. ఆయన గవర్నరుగా వచ్చిన ఏడాదే గంజాం జిల్లాలో కరువు. అప్పట్లో మా శ్రీకాకుళం గంజాం జిల్లాలోదే.

ఆ కమిషన్ ఊరూరా తిరిగి కౌలు రైతుల్ని కూర్చోబెట్టి వాళ్ల నోటి మాట రాసుకుంది. చాలామంది గేలిక్‌లోనే చెప్పారు, దుబాసీ ఇంగ్లీషు చేశాడు. పేరు, ఊరు, ఎంత భూమి, ఎంత కౌలు, ఎవరు వెళ్లగొట్టారు అన్నీ అచ్చయ్యాయి. 1886లో క్రాఫ్టర్లని ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించకుండా చట్టం వచ్చింది. పూర్వీకుల్ని వెతికేవాళ్లకి ఆ సంపుటాలు బంగారం. పాత కాగితాల్లో బీదవాడు తన గోడు తన నోటితో చెప్పుకున్నవి తక్కువ. ఇవి అలాంటివి.

మిగతావన్నీ ఎక్కువగా అవతలివాడి అవసరానికి రాసినవే. 1852 నుంచి 1857 దాకా హైలాండ్ అండ్ ఐలాండ్ ఎమిగ్రేషన్ సొసైటీ అనేది దాదాపు ఐదు వేల మందిని ఆస్ట్రేలియా ఓడలెక్కించింది. ఆ పేర్లు, వయసులు, ఊళ్లు చక్కగా ఉన్నాయి. ఎందుకుండవు? ప్రయాణం ఖర్చు తిరిగి కట్టాలి కదా. అప్పు ఉన్నచోట పేరు తప్పకుండా ఉంటుంది.

ఇది చదువుతుంటే నాకు మా ముత్తాత గుర్తొచ్చాడు. అమ్మమ్మ వాళ్ల నాన్న. మా వైపు 'రంగం వెళ్లడం' అంటే రంగూన్ వెళ్లడమే. మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడతాడు, ఓడెక్కిస్తాడు, అప్పు తీరేదాకా మిల్లులోనో రేవులోనో పని. నాటాల్‌కో ఫిజీకో గిర్మిట్ మీద వెళ్లిన మనవాళ్లకి ఓడల పట్టీలు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, ఒంటి మీద పుట్టుమచ్చతో సహా. 1860లో మద్రాసు నుంచి నాటాల్ వెళ్లిన మొదటి ఓడ ట్రూరో మీద ఎవరెవరున్నారో ఈనాటికీ చదువుకోవచ్చు. దక్షిణాఫ్రికాలో ఉన్న మన అన్నదమ్ములు కొందరు ఆ పట్టీలతోనే ఊళ్లు కనుక్కుని వస్తున్నారు. కానీ బర్మా వలస చాలావరకు గిర్మిట్ కాదు. మేస్త్రీ లెక్క మేస్త్రీ పుస్తకంలోనే. ఆ పుస్తకాలు ఎవరు దాచారు? 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడ్డప్పుడు కాలినడకన బయల్దేరిన జనంలో మా ముత్తాత ఉన్నాడంటారు. ఇల్లు చేరలేదు. అమ్మమ్మకి అప్పుడు రెండేళ్లు.

ఎక్కడో స్కై దీవి చాకలి పని చేసుకున్న ఆమె ఏ మెట్లకి ఏ పక్క ఉందో నాకు తెలుసు. సొంత ముత్తాత ఏ ఓడ ఎక్కాడో తెలియదు.

ఆఖర్న దొరికింది ఆమె చావు కాగితం, 1908ది. పక్కపక్కన పెట్టి చూశాం. 1874లో కొడుకు పుట్టాడని రాయించినప్పుడు ఆమె సంతకం చోట ఇంటూ గుర్తు, మన వేలిముద్ర లాగా. 1908లో తల్లి పోయిందని రాయించినప్పుడు కొడుకు పూర్తి పేరు సంతకం చేశాడు. మధ్యలో 1872 చదువు చట్టం ఉంది. ఐదు నుంచి పదమూడేళ్ల పిల్లలందర్నీ బడికి పంపాలన్నారు. ఒక గదిలో ఉంటూ, ఆ తిండికి లేని ఏళ్లలో కూడా ఆమె పిల్లాణ్ని బడికి పంపిందన్నమాట.

ఆదివారం ఇవన్నీ పెద్దాయనకి చదివి వినిపించాం. పూర్‌హౌస్ మాట రాగానే మొహం తిప్పుకున్నాడు. ఆ తరం వాళ్లకి అది పెద్ద సిగ్గు. అందుకే ఆయన నాన్న 'ఒక్కడే వచ్చాడు' అని కథ మార్చి ఉంటాడు. కాసేపాగి అడిగాడు.

"వెళ్లిందా?"

"వెళ్లలేదని రాసుంది."

"మంచి పని చేసింది" అన్నాడు. టీ అడిగాడు. ఇచ్చా.

ఇక మన పని. మన బీఆర్‌పీ కార్డులు పోయి ఈవీసాలు వచ్చాయి. మన హోదా ఇప్పుడు చేతిలో పట్టుకునే కాగితం కూడా కాదు. మన గురించి సర్కారు దగ్గర బోలెడు రాతలు ఉన్నాయి, ఐదేళ్ల అడ్రసులు, ఊరెళ్లిన రోజులు, జీతం. ఆ ఇన్‌స్పెక్టర్ రాసినట్టే. అవి మన మనవళ్లకి ఎప్పుడు చూపిస్తారో, అసలు చూపిస్తారో లేదో మన చేతుల్లో లేదు. అందుకని ఒక నోట్‌బుక్ కొనండి. ఏ రోజు విమానం దిగారు, ఏ ఏజెంట్‌కి ఎంత కట్టారు, ఆ డబ్బు ఎక్కడ అప్పు చేశారు, ఏ గదిలో ఎంతమంది ఉన్నారు, మొదటి జీతం ఎంత, అన్నీ రాయండి. పాత పాస్‌పోర్టు, ఆఫర్ లెటర్, పేస్లిప్పులు ఒక కవర్లో పెట్టండి. ఈవీసా ప్రింటు తీసి అందులోనే పెట్టండి. అమ్మ పుట్టింటి ఇంటిపేరు, అమ్మమ్మది, నాయనమ్మది, వాళ్ల ఊళ్లు రాయండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకీ ఇదే చెప్తున్నా. పిల్లలకి సిగ్గుపడే కథ అనిపిస్తుందేమో అని దాచొద్దు. మార్చి చెప్పొద్దు.

నిన్న అమ్మమ్మకి ఫోన్ చేశా. వాళ్లమ్మ ఇంటిపేరేంటని అడిగా. కాసేపు మాట్లాడలేదు, లైను పోయిందనుకున్నా. తర్వాత చెప్పింది. వాళ్ల నాన్నని తీసుకెళ్లిన మేస్త్రీది ఏ ఊరో కూడా చెప్పింది. ఆ ఊరు మాకు ఆరు మైళ్లే. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదే తల్లీ" అంది.

నోట్‌బుక్ మొదటి పేజీలో అవే రాశా. మీ ఇళ్లల్లో రంగం వెళ్లినవాళ్లుంటే, మేస్త్రీల పేర్లు గానీ ఊళ్లు గానీ ఎవరికైనా గుర్తుంటే నాకు చెప్పండి. ఈ వారం అంతా నైట్లే, పొద్దున ఎనిమిది తర్వాత చూస్తా.